ఫోన్ కోసం మా అబ్బాయి అన్నం మానేశాడు. ఇది బ్రాండ్ పిచ్చా, నామోషీనా?

బెజవాడ_అమ్మ | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇంతకుముందు కౌన్సెలింగ్ గురించి, హాస్టల్ గురించి ఇక్కడే అడిగాను. చాలామంది ఓపిగ్గా చెప్పారు. ఈసారి మనసు బాగోక రాస్తున్నాను.

మా అబ్బాయి బీటెక్ మొదటి సంవత్సరం. మా ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరి జీతాలూ కలిపి 46 వేలు. ఇంటద్దె, హాస్టల్ ఫీజు, మా అత్తగారి మందులు పోను ఏం మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు.

పోయిన శనివారం ఇంటికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ముభావంగానే ఉన్నాడు. వాడికిష్టమని గోంగూర చేసి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆదివారం పొద్దున అసలు సంగతి బయటపెట్టాడు. ఐఫోన్ కావాలట. 72 వేలు. నెలకు ఆరు వేల చొప్పున పన్నెండు నెలలు కడితే సరిపోతుందని, వడ్డీ కూడా లేదని, నాన్న క్రెడిట్ కార్డు ఇస్తే చాలని కాగితం మీద లెక్క రాసుకొచ్చాడు. ఇప్పుడున్న ఫోన్ ఇంటర్ పరీక్షలయ్యాక 14 వేలు పెట్టి కొన్నాం. నిక్షేపంలా పనిచేస్తోంది.

ఆయన కోప్పడ్డారు. వీడు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. సాయంత్రం బస్టాండుకు బయల్దేరుతూ గుమ్మం దగ్గర నాతో ఒక్క మాటన్నాడు. "ఫోన్ గురించి కాదమ్మా. అది లేకపోతే వాళ్లలో నేను లెక్కలోకి రాను." ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

మా చిన్నప్పుడు మాకూ కోరికలుండేవి. కానీ వస్తువు లేదని మనిషే లెక్కలోంచి పోవడం నాకు తెలీదు. ఎప్పుడొచ్చింది ఇది? కొనివ్వనా, వద్దా? పిల్లలున్నవాళ్లు చెప్పండి.

కౌంటర్_అన్న | సోమవారం, రాత్రి 11:05

అక్కా, నేను కరీంనగర్‌లో మొబైల్ షాపులో ఆరేళ్లుగా చేస్తున్నా. ముందు ఆ వడ్డీ లేదన్న మాట సంగతి చెప్తా, ఎందుకంటే రోజూ నా నోటితోనే ఆ మాట చెప్పి అమ్ముతున్నా.

వడ్డీ లేని అప్పు లేదు. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు నో కాస్ట్ ఈఎంఐ అంటున్నాం. లోపల జరిగేది వినండి. బ్యాంకు ఏడాదికి 15 శాతం వడ్డీ వేస్తుంది అనుకుందాం. పన్నెండు నెలలకు ఆరేసి వేలు కడితే అందులో వడ్డీ సుమారు 5,500. ఆ మొత్తాన్ని కంపెనీయో షాపో ఫోన్ ధరలో ముందే తగ్గిస్తుంది. అందుకని మీకు 72 వేలే కనిపిస్తాయి. కానీ క్రెడిట్ కార్డు అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. అదో వెయ్యి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. రొక్కం ఇచ్చి కొనేవాళ్లకు వచ్చే తగ్గింపు చాలాసార్లు మీకు రాదు. ఒక్క నెల బిల్లు తప్పితే లేటు ఫీజు, ఆ పైన కార్డు వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం. బావగారి క్రెడిట్ స్కోరూ పడుతుంది. రేపు మీరు ఇల్లు కొనుక్కుందామని లోనుకు వెళ్తే అదే అడ్డం.

ఇంకో సంగతి. కారు దిగి వచ్చేవాళ్లు నా దగ్గర బేరం ఆడతారు. బ్యాటరీ ఎంత, పాత ఫోన్‌కు ఎంతిస్తావు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఈఎంఐ మీద కొనే పేదవాళ్లు ఏమీ అడగరు. అడిగితే ఎక్కడ చులకన అవుతామో అని భయం.

పోయిన దసరాకు ఒక పిల్లవాడు వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆమె బీడీలు చుడుతుంది. ఫైనాన్సు కోసం వేలిముద్ర పెట్టమంటే మిషన్ తీసుకోవట్లేదు. ఏళ్ల తరబడి ఆకు చుట్టి చుట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుంటూ ఒక్కో వేలూ పెట్టింది. చివరికి ఎడమచేతి చిటికెన వేలు పడింది. లోన్ వచ్చిందని పిల్లవాడు గంతేశాడు. ఆమె మాత్రం నా వైపు తిరిగి, "నెలకు ఎంత బిడ్డా?" అని అడిగింది. అంటే అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నాకు 500 ఇన్సెంటివ్ వచ్చింది. ఇంటికి పోయాక అన్నం సహించలేదు అక్కా.

హాస్టల్_214 | మంగళవారం, ఉదయం 7:30

ఆంటీ, నేను సెకండియర్. మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. పెద్దవాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ లోపల ఎలా ఉంటుందో చెబుతాను.

ఫ్రెషర్స్ డే, బర్త్‌డే, ఏదైనా సరే, "ఐఫోన్‌లో తీయండ్రా" అంటారు. తర్వాత ఐఫోన్లున్నవాళ్లు ఒకళ్లకొకళ్లు అక్కడికక్కడే ఎయిర్‌డ్రాప్ చేసుకుంటారు, అంటే ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా ఫొటోలు పంపుకుంటారు. మన ఫోన్‌కు అది రాదు. "వాట్సాప్‌లో పెడతాలే" అంటారు. రాత్రికి వాళ్ల స్టోరీల్లో ఫొటోలు వచ్చేస్తాయి, మనకు మాత్రం రావు. రెండోసారి అడగాలంటే ఇబ్బంది. ఇలా నాలుగుసార్లు జరిగాక మనమే గుంపులోంచి పక్కకు జరుగుతాం. ఎవరూ పొమ్మనరు.

పౌచ్‌లు కూడా వెనక గుండ్రంగా రంధ్రం ఉన్నవే కొంటారు, లోగో కనిపించాలని. అద్దం ముందు సెల్ఫీలో మొహానికి ఫోన్ అడ్డం వచ్చినా పర్వాలేదు, లోగో మాత్రం కనిపించాలి. మా రూమ్మేట్ పాత మోడల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. ఛార్జర్ పట్టుకుని ప్లగ్గు ఉన్న బెంచీ కోసం క్లాసుకు ముందే వెళ్తాడు. అయినా వాడికి ఆ ఫోన్ వచ్చాక ధైర్యం వచ్చింది, అది నేను కళ్లారా చూశాను.

నా దగ్గర లేదు. మొదటి ఏడాది ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు క్రికెట్ టీమ్‌లో ఉన్నాను, నా గుంపు వేరే. కానీ అప్పుడు నాకెవరైనా "ఇదంతా పిచ్చి" అని చెబితే ఇంకా దూరమైపోయేవాణ్ని.

రిటైర్డ్_మాస్టారు | మంగళవారం, ఉదయం 9:15

అమ్మా, ఎప్పుడొచ్చింది ఇది అని అడిగావు. నాకు 74 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పాను. వస్తువును చూసి మనిషికి విలువ కట్టడం నా చిన్నతనంలోనూ ఉంది.

నా పెళ్లి 1976లో. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టే రోజులు. మా మామగారు హెచ్‌ఎంటీ వాచీ పెట్టారు. అది కనిపించాలని కొత్తలో చొక్కా చేతులు మడిచి తిరిగాను. ఫ్రిజ్ అంటే ఆల్విన్. అది మన హైదరాబాదు సరుకే. చేతక్ స్కూటర్ బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. మా వీధిలో ఒకాయన కువైట్ నుంచి టేప్‌రికార్డర్ తెచ్చి ముందు గదిలో పెట్టాడు. మీద అంటించి వచ్చిన కంపెనీ స్టిక్కర్ పదేళ్లు పీకలేదు. దుమ్ము తుడుస్తుంటే దాని అంచు లేచేది. వాళ్లావిడ అన్నం మెతుకు నలిపి మళ్లీ అంటించేది.

కాబట్టి ఈ ఆశ కొత్తది కాదు. 1991 జూలై బడ్జెట్ తర్వాత విదేశీ సరుకుకు తలుపులు తెరుచుకున్నాయి, రకాలు పెరిగాయి. కానీ నన్ను బాధపెట్టేది వేరే. మేము కూడబెట్టుకుని కొనేవాళ్లం. కొన్న వస్తువుతో పాతికేళ్లు గడిపేవాళ్లం. నా వాచీ ఇప్పటికీ కీ ఇస్తే తిరుగుతుంది. ఈనాటి పిల్లవాడు వాయిదాలు తీరకముందే తన ఫోన్ పాతదైపోవడం చూస్తాడు. గౌరవం కూడా ఏడాది ఏడాదికీ మళ్లీ కొనుక్కోవలసిన సరుకైంది.

ఇంకొకటి, టీచరుగా చెబుతున్నాను. పిల్లలకు బ్రాండు మొదట నేర్పింది టీవీ కాదు, మనమే. మూడేళ్ల పిల్లను ఎవరైనా "ఏ స్కూలు?" అనడిగితే, స్కూలు పేరు విని మొహంలో రంగు మారుతుంది. టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ అని తోక ఉంటే ఫీజు పెరుగుతుంది. ఇంటర్ ఫలితాల రోజున పత్రికల నిండా, బస్సుల వెనకాల ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు. కోచింగ్ సంస్థలు ఎంపికైన అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో నిబంధన పెట్టవలసి వచ్చింది. పిల్లల్నే ప్రకటన బోర్డులు చేసిన చోట పెరిగినవాడు, తన ఒంటి మీద లోగో లేకపోతే తక్కువ అనుకోడా?

గోలీమందు | మంగళవారం, మధ్యాహ్నం 2:40

మేడమ్, మీరు అత్తగారి మందుల మాట రాశారు కాబట్టి చెబుతున్నాను. నాది గుంటూరులో మందుల షాపు. ఫోన్లు, బూట్ల దగ్గర కనిపించే బ్రాండు భక్తి మాత్రల దగ్గర ఇంకా గట్టిగా ఉంటుంది, నష్టమూ ఎక్కువే.

స్ట్రిప్ వెనక చూడండి. కంపెనీ పెట్టుకున్న పేరు ఒకటి ఉంటుంది. దగ్గర్లోనే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఒంట్లో పనిచేసేది ఆ అసలు మందే. అదే మందు జనరిక్‌గా, అంటే కంపెనీ బ్రాండు పేరు లేకుండా, సగం ధరకు, కొన్నిసార్లు పదో వంతుకు దొరుకుతుంది. ఆ మందులు అమ్మే ప్రభుత్వ పథకం దుకాణాలు, జనౌషధి, 2008 నుంచి ఉన్నాయి. వాటికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో పరీక్ష చేయించి పంపుతారు. ఇది నా వ్యాపారానికి నష్టమే అయినా చెబుతున్నాను.

మా షాపుకు నాలుగు అడుగుల అవతలే ఒక జనౌషధి కేంద్రం ఉంది. ఒకావిడ నెల నెలా అక్కడ బీపీ, షుగర్ మందులు కొని, ఆ కవరు మడిచి సంచీ అడుగున పెట్టి, మా షాపులోకొచ్చి ఓ సబ్బో పేస్టో కొని మా కవరులో పట్టుకెళ్తారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర ఎవరైనా ఆ కవరు చూస్తే పింఛను రావట్లేదేమో అనుకుంటారు బాబూ" అన్నారు. భర్త గెజిటెడ్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ప్రాణం నిలబెట్టే మందును దొంగతనంగా తెచ్చుకోవలసి రావడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

డాక్టర్లు జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, ఆ నెలలోనే నిలిపేసింది. కాబట్టి మీరే డాక్టరు గారిని అడగండి. అత్తగారి మందుల మీద నెలకు ఎంత తగ్గుతుందో చూసుకోండి. థైరాయిడ్, ఫిట్స్ మందుల్లాంటివైతే ఆయన్ని అడగకుండా మార్చొద్దు.

డల్లాస్_తెలుగు | మంగళవారం, రాత్రి 8:20

ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో బియ్యం దగ్గర్నుంచి బ్యాటరీల దాకా కాస్ట్‌కో అనే షాపు సొంత బ్రాండు సరుకే. ఆఫీసుకు అదే షాపు ప్యాంటు వేసుకెళ్తాను, ఎవరూ పట్టించుకోరు. ఇండియా ప్రయాణం అనగానే మాత్రం అవుట్‌లెట్ మాల్‌కు పరుగు. హ్యాండ్‌బ్యాగులు, పెర్‌ఫ్యూములు, వాచీలు, పేరున్నవే ఉండాలి. పోయినసారి మా మేనత్తకు మంచి ఉన్ని శాలువా తీసుకెళ్లాను, ఆమెకు మోకాళ్లు లాగుతాయని. చేతిలోకి తీసుకుని మొదట లేబుల్ వెతికారు. నాకు బాధేసింది, కానీ ఆమె తప్పని అనను. ఇరవయ్యేళ్లుగా లేబుల్ ఉన్నవే తెచ్చి అలవాటు చేసింది మేమే.

నీలిచొక్కా | మంగళవారం, రాత్రి 11:48

అందరూ రాసింది చదివాను. ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, ఇందులో ఒక మాట ఎవరూ చెప్పలేదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు. తను కుట్టిన చెప్పుల్నే పెద్దవీధి దాటేటప్పుడు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఊరు దాటాక తొడుక్కునేవాడు. మా నాన్న టెన్త్ మార్కుల లిస్టు తెచ్చుకోవడానికి చొక్కా లోపలికి దోపుకుని వెళ్తే, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి పిలిచి బయటికి తీయించాడు. నాన్న ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు. చెబుతున్నంతసేపూ చొక్కా అంచు సవరించుకుంటూనే ఉన్నాడు.

అంబేడ్కర్ విగ్రహం ఎక్కడ చూసినా సూటు, టై, బూట్లు, చేతిలో పుస్తకం. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో, 2024 జనవరిలో విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహాలూ అంతే. ఆ సూటును చూసి మా పల్లె పిల్లలు తలెత్తుకుంటారు. ఉన్నవాళ్లు బట్టలు తగ్గించుకుంటే నిరాడంబరత అంటారు. వదులుకోవాలంటే ముందు ఉండాలి కదా.

నేను ఐటీ కంపెనీలో చేరాక మొదటి జీతంతో కొన్నది బ్రాండెడ్ బూట్లు. 5,999. అవసరమా అంటే అవసరమే. టీ తాగే చోట పరిచయాలప్పుడు కొందరు ఇంటిపేరు చెబితే చాలు, "మీరు ఫలానా ఊరి వాళ్లా" అని కలుపుకుపోతారు. ఆ ఇంటిపేరే వాళ్లకు బ్రాండు, పుట్టుకతో ఉచితంగా వచ్చింది. అది లేనివాడు ఏదో ఒకటి ఒంటి మీద వేసుకుని రావాలి. అందుకని మేడమ్, మీ అబ్బాయి మాటను పిచ్చి అని తోసేయకండి. లెక్కలోకి రాకపోవడం అంటే ఏమిటో మాకు తెలుసు.

నిర్వాహకులు | బుధవారం, ఉదయం 8:00

పై వ్యాఖ్య కింద వచ్చిన రెండు జవాబులు తీసేశాం. మనుషుల్ని కులం పేరుతో తక్కువ చేసే మాటలకు ఇక్కడ చోటు లేదు. చర్చ కొనసాగించండి.

పడుగుపేక | బుధవారం, ఉదయం 11:10

నీలిచొక్కా అన్నా, మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మాది భూదాన్ పోచంపల్లి. అమ్మానాన్న ఇద్దరూ మగ్గం మీదే. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మొదటగా వచ్చిన వాటిలో అదొకటి. అంటే ఊరికి బ్రాండు ఉంది. నేసిన మనిషికి మాత్రం లేదు.

చీర ఎలా వస్తుందో చెబుతాను. ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా ఉన్న చెక్కకు మేకులుంటాయి, వాటి చుట్టూ నూలును చేత్తో వేలసార్లు తిప్పాలి. మా అమ్మ ఇరవయ్యేళ్లు తిప్పింది, కుడి భుజం పైకి లేవదు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కష్టం చూడలేక ఆ పనికి లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ మిషన్ వచ్చేసరికే అమ్మ భుజం పాడైంది. ఆసు తర్వాత డిజైన్ ప్రకారం సైకిల్ ట్యూబు ముక్కలతో నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు. ఇదంతా అయ్యాక మగ్గం.

ఇంత చేసిన చీరను బొటిక్ వాళ్లు తీసుకుని, లోపలి అంచుకు తమ పేరున్న పట్టీ కుట్టి అమ్ముతారు. పేరు వాళ్లది, ధర వాళ్లది. మరోవైపు మిల్లులో మా డిజైన్ అచ్చేసిన చీర పది రోజుల్లో బజారుకొస్తుంది. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తిరగేసి చూడండి. నేసిన ఇక్కత్‌కు రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. అచ్చు వేసినదాంట్లో గీత కత్తిరించినట్టుంటుంది, వెనక వైపు వెలవెలబోతుంది. చేనేత గుర్తు, హ్యాండ్లూమ్ మార్క్, ఉందో లేదో అడగండి. అది 2006 నుంచి ఉంది.

మా తమ్ముడు ఇంట్లో మగ్గం నడుస్తుండగానే పెద్ద అక్షరాలున్న కంపెనీ టీషర్టు కోసం గొడవ చేశాడు. నాన్న ఏమీ అనలేదు. కొనిచ్చాడు. వాడు వేసుకుని అద్దం ముందు నిలబడితే నాన్న ఆ బట్టను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు, నూలు ఎన్నో నంబరో అని. ఆ వేళ్లకు తెలిసిన విద్యకు ఎక్కడా లేబుల్ లేదు. నాకు బ్రాండ్ల మీద కోపం లేదు. పేరు పెట్టుకునే హక్కు చేసినవాడికి కూడా రావాలి, అంతే.

కౌంటర్_అన్న | బుధవారం, రాత్రి 10:30

నీలిచొక్కా అన్నా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా నాన్నా పాలేరుగా చేసినవాడే. కానీ కౌంటర్ ఇవతల నిలబడి చూస్తే నాకు కడుపు మండేది ఇందుకే. ఆ గౌరవం ఆకలి ఎవరికి ఎక్కువుందో కంపెనీలకు తెలుసు. నెలకు 1,999 మాత్రమే అని బోర్డు పెట్టేది వాళ్ల కోసమే. వాయిదా తప్పాక ఫైనాన్సు మనుషులు ఇంటి ముందుకొచ్చి అందరూ వినేలా పేరు పెట్టి అరుస్తారు. ఏ పరువు కోసం కొన్నారో ఆ పరువే వాకిట్లో పోతుంది. మా గల్లీలో ఒకరికి అలా అయితే వారం రోజులు నల్లా దగ్గరికి కూడా రాలేదు.

నీలిచొక్కా | బుధవారం, రాత్రి 11:15

నిజమే తమ్ముడూ. ఆ బూట్లు నేను రొక్కం ఇచ్చి కొన్నాను. అప్పు చేసి కొంటే అవి మళ్లీ చేత్తో పట్టుకుని నడిచే చెప్పులే అయ్యేవి. వేసుకునే హక్కు కోసం పోరాడాం. తాకట్టు పెట్టడానికి కాదు. ఆ తేడా మా తమ్ముళ్లకు నేనూ చెబుతున్నాను.

బెజవాడ_అమ్మ | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:50

ఇన్ని రోజులు జవాబు ఇవ్వలేకపోయాను, క్షమించండి. మీరు రాసినవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. బీడీలు చుట్టే ఆమె సంగతి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు.

నిన్న అబ్బాయి వచ్చాడు. ఈసారి ఫోన్ సంగతి నేనే ఎత్తాను, కోపంగా కాదు. కాలేజీలో ఏం జరిగిందో చెప్పమన్నాను. మొదట చెప్పలేదు. తర్వాత మెల్లగా బయటికొచ్చింది. ఫ్రెషర్స్ డే రోజు గ్రూపు ఫొటో తీయడానికి వీడు తన ఫోన్ ఇస్తే, ఒకడు దాన్ని చేతులు మార్చి మార్చి అందరికీ చూపించి, పగిలిన స్క్రీన్ గార్డు మీద ఏదో అన్నాడట. అందరూ నవ్వారట. వీడు కూడా నవ్వాడట, ఏం చెయ్యాలో తెలీక.

నేను వాడికి, మనుషుల విలువ వస్తువుల్లో ఉండదు నాన్నా అని చెప్పబోయాను. వాడు నా మొహంలోకి చూసి, "మరి మొన్న చెల్లి ఓణీల ఫంక్షన్‌కు నువ్వు వేసుకున్న హారం?" అన్నాడు.

అది వన్ గ్రామ్ గోల్డ్. 2,800 పెట్టి కొన్నాను. మా తోటికోడలు అడిగితే, పాత గాజులు కరిగించి చేయించాం అన్నాను. పక్కనే వీడు ఉన్నాడని కూడా నాకు గుర్తులేదు. మా ఆయన్ని ఆ రోజు బైక్ మీద వద్దని, పక్కింటి వాళ్ల కారు అడిగించింది కూడా నేనే. వాడు దెప్పిపొడవడానికి అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "నలుగురిలో నామోషీగా ఉంటుందని వేసుకున్నా" అని ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు "నాకూ అంతే కదమ్మా" అన్నాడు. ఇద్దరం చాలాసేపు వంటింట్లోనే కూర్చున్నాం. తర్వాత అన్నం పెట్టమన్నాడు.

కొత్తది, 72 వేలది మావల్ల కాదని లెక్క చూపించాను. గోలీమందు గారూ, అత్తగారి డాక్టరు గారిని అడిగాం, రెండు మందులు మార్చారు, నెలకు 900 దాకా తగ్గింది. మీకు దండం పెట్టాలి. దానికి ఇంకొంచెం కలిపి నెలకు రెండు వేలు బ్యాంకులో ఆర్డీ మొదలుపెడుతున్నాం. వాడు సెలవుల్లో మా వీధిలో ఇద్దరు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతానన్నాడు. ఏడాదికి అయ్యే డబ్బుతో రెండేళ్ల పాత మోడల్, రొక్కంతో కొనుక్కుంటాడట. నేను సరేనన్నాను. ఇది తప్పో ఒప్పో నాకింకా తెలీదు, కానీ అప్పు మాత్రం చేయట్లేదు.

కౌంటర్_అన్న గారూ, పాతది కొంటే మోసపోకుండా ఏం చూసుకోవాలి?

కౌంటర్_అన్న | ఆదివారం, రాత్రి 10:25

అక్కా, చెప్తా, రాసి పెట్టుకోండి.

ముందు ఆ ఫోన్‌లోనే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. అది బాక్సు మీద, బిల్లు మీద ఉన్నదానితో ఒకటేనా చూడండి. తర్వాత మీ ఫోన్ నుంచి ఇంగ్లిషులో కేవైఎం అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపండి. ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ సైట్‌లో కూడా చూడొచ్చు. దొంగ ఫోన్ అని బ్లాక్ అయి ఉంటే తెలిసిపోతుంది. బిల్లు లేకుండా ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి. 80 శాతం కంటే తక్కువ ఉంటే బ్యాటరీ మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. పాత యజమాని తన అకౌంట్ మీ ఎదురుగానే తీసేసి, ఫోన్ మొత్తం రీసెట్ చేసి ఇవ్వాలి. అది చేయకపోతే తర్వాత ఫోన్ లాక్ పడుతుంది, ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ఛార్జింగ్ పెట్టి చూడండి, కాల్ చేసి మాట్లాడి చూడండి, ముందు వెనక కెమెరాలతో ఫొటోలు తీసి చూడండి. తొందర పెడితే వదిలేసి వచ్చేయండి.

కొనే రోజు అల్లుణ్ని వీడియో కాల్ చేయమనండి. నేను చూసి చెప్తా. మొహమాటం వద్దని చెప్పండి, ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు.